అంచు దాటే పోగు

జనవరి 6, 1988

నేను పంతులమ్మగా ఉన్న రోజుల్లో మిగిలిపోయిన హాజరు పట్టీ ఇది. ఖాళీ కాగితాలు పారెయ్యడానికి మనసొప్పక పెట్టె అడుగున దాచాను. ఇప్పుడీ తరగతిలో ఉన్నది నేనొక్కతెనే. ఈ రోజు హాజరు. కాలు కట్టులో ఉంది కాబట్టి రేపూ హాజరే.

విరిగింది ఎడమకాలు, చీలమండకు కాస్త పైన. ఫిబ్రవరి ఆఖరు దాకా కట్టు విప్పరట. అందాకా కూతురింట్లో ఈ వెనక గది నాది. కూతురింట్లో ఉండటానికి కష్టమేమిటి అని నన్ను నేనే అడిగాను. కష్టం ఏమిటంటే గదికి తలుపు లేదు. గుమ్మానికి కంబళి వేలాడదీశారు. కంబళికి అవతల అతను.

అతను అంటే వెర్నా మొగుడు. పేరు ఇక్కడ రాయను. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో నేను అతని మొహం చూడలేదు, అతను నా మొహం చూడలేదు. మా తెగలో అత్తా అల్లుడూ చూసుకోకూడదు. మా భాషలో అత్తకున్న పేరే 'చూడరానిది'. చూస్తే కళ్ళు పోతాయని చెప్పి పెంచారు మమ్మల్ని. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, నమ్ముతానా అంటే నమ్మను. కానీ నియమం తప్పలేదు. నమ్మకం ఉన్నవాళ్ళు పాటించడంలో గొప్పేముంది, నమ్మకుండా పాటించాలంటేనే క్రమశిక్షణ కావాలి.

నడుముకు మా అమ్మమ్మ వెండిగంట కట్టుకున్నాను. పాత నాణేన్ని సాగగొట్టి చేయించుకుందట. మేకకు గంట కట్టేది తప్పిపోతే వెతకడానికి. అత్తకు గంట కట్టేది వస్తుంటే తప్పుకోవడానికి. నేను మంచం దిగితే గంట మోగుతుంది, అవతల కుర్చీ కిర్రుమంటుంది, బయటి తలుపు తెరుచుకుంటుంది, అతను చలిలోకి పోతాడు. మరుగుదొడ్డి పెరట్లో ఉంది. నేను చంకకర్ర మీద వెళ్ళి, వచ్చి, మళ్ళీ పడుకున్నాక గంట రెండుసార్లు ఆడిస్తాను. అప్పుడు లోపలికి వస్తాడు. రోజుకు అయిదారు సార్లు.

కాఫీ తగ్గించాలి.

జనవరి 7

కిటికీలోంచి వాగు అవతల నా హోగన్, దుంగలు పేర్చి మట్టి కప్పిన నా గుండ్రటి ఇల్లు, కనిపిస్తుంది. దాని వాకిలి తూర్పుకు ఉంది, ఈ ఇల్లు దానికి పడమర. కాబట్టి నాకు కనపడేది దాని వీపే. నా ఇల్లు నా మీద అలిగి అటు తిరిగి కూర్చున్నట్టుంది.

పొయ్యిలో నిప్పు లేని హోగన్ పొగగొట్టం మీద కాకులు కూర్చుంటాయి. మూడున్నాయి.

జనవరి 9

దీపం చుట్టూ ఇంద్రధనుస్సు కనపడుతోంది, గుండ్రంగా. చిమ్నీకి మసి పట్టి ఉంటుంది. వెర్నాకు చెప్పాలి.

జనవరి 10

"రెండుసార్లు తుడిచానమ్మా."

"ఏ గుడ్డతో తుడిచావు?"

"నీ పాత లంగా గుడ్డతో."

"అందుకే మరి."

వెర్నా నవ్వలేదు. వసతిగృహంలో రెండొందల మంది పిల్లలకు వండి వచ్చిన మనిషికి నవ్వు ఎక్కడ మిగులుతుంది. నేను చదివించిన పిల్లల పిల్లలే వాళ్ళు. వాళ్ళు కూడా ఉప్పు ఎక్కువైందంటారట.

గోడకు నీలం రిబ్బను తగిలించింది, ఆగస్టు సంతలో నా తివాచీకి వచ్చిన మొదటి బహుమతి. నేను పడుకుంటే సరిగ్గా ఎదురుగా. తీసెయ్యమన్నాను.

"ఎందుకమ్మా, ఎంత బాగుంది."

"గాలికి ఆడుతోంది. నిద్ర పట్టదు."

ఈ గదిలో గాలి ఎక్కడిది.

జనవరి 14

చెల్లెలు ఇర్మా వచ్చింది, మొక్కజొన్న రొట్టె పట్టుకుని. రొట్టె మెత్తగా ఉంది, మనిషి ఎప్పటిలాగే.

"మొహం అలా చిట్లించుకున్నావేంటక్కా?"

"నువ్వు వచ్చావుగా."

కూర్చుంది. కాలు చూసింది, కట్టు మీద కొట్టి చూసింది. తర్వాత రిబ్బను చూసింది.

"ఆ తివాచీకి దారి వదిలావా?"

"వదలకుండా ఎందుకుంటాను."

"సంతలో నాకు కనపడలేదు మరి."

"నీ కళ్ళకు ఏం కనపడుతుంది."

అప్పుడు గొంతు తగ్గించింది. ఇర్మా గొంతు తగ్గిస్తే వాగు అవతలికి వినపడుతుంది. "దొడ్లో పడ్డప్పుడు నిన్ను ఎత్తుకొచ్చింది అతనే కదా?"

"నా తలమీద కోటు కప్పి ఎత్తాడు. చూడలేదు."

"ఆ గాలికి కోటు ఎంతసేపు ఆగుతుంది? ఎర్రకొండ దగ్గర ఒకామె ఇలాగే అల్లుణ్ణి ఒక్కసారి చూసింది. ఏడాది తిరిగేలోగా గొర్రెను చూసి కుక్క అంటోంది."

"ఆమె ముందునించీ అంతే."

"నీ కళ్ళకేమైనా అయితే మాత్రం ఎవరివల్లో నాకు తెలుసు. ఊరంతటికీ చెప్తాను, నోరు కట్టుకుని కూర్చోను."

కంబళి అవతల కుర్చీ కిర్రుమంది. గంట మోగకపోయినా బయటి తలుపు తెరుచుకుంది.

నా కళ్ళకు ఏమీ కాలేదు.

జనవరి 15

పడ్డ రోజు సంగతి ఒకసారి సరిగ్గా రాసుకుంటాను. పాఠం రాసినట్టు రాస్తే తప్పొప్పులు తెలుస్తాయి.

డిసెంబరు పందొమ్మిది. దొడ్లో మంచు గడ్డకట్టి ఉంది. పొట్టేలు నన్ను కుమ్మలేదు, నేనే జారాను. తప్పు పొట్టేలు మీదికి తోసెయ్యడం వెర్నా పని. అరిచాను. అతను గడ్డి దించుతున్నాడు. అడుగుల చప్పుడు పరుగెత్తి వచ్చి నా వెనక ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. తర్వాత నా నెత్తిమీద కోటు పడింది, గడ్డివాసన, డీజిల్ వాసన. సంచిలో పిల్లిని ఎత్తినట్టు ఎత్తాడు. కోటు సందులోంచి నాకు కనపడింది అతని చెయ్యి మాత్రమే. బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది.

చెయ్యి మొహం కాదు. చేతికి నియమం లేదు.

జనవరి 16

చేతికి నియమం లేదు.

జనవరి 19

కొత్త కలంలో సిరా పలచన. అక్షరాలు తేలిపోతున్నాయి. వడ్రంగం పెన్సిలు తెప్పించుకున్నాను, లావుగా రాస్తుంది.

కుడివైపు తలనొప్పి.

జనవరి 20

పొద్దున్నించీ మంచు. వెర్నా పికప్ బండి తీసుకుని చిన్లీ వెళ్ళింది, పిల్లలకు వండాలని. సాయంత్రానికి తిరిగి రాలేదు. రేడియోలో మా భాషలో వరసగా కబుర్లు చదువుతున్నారు, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో. గొర్రెల సంగతి అయ్యాక, చచ్చిపోయినవాళ్ళ సంగతికి ముందు, మా వంతు వచ్చింది. "గ్లాడిస్ బిట్సుయీకి కూతురు వెర్నా చెప్పమన్నది: దారి మూసుకుపోయింది. పిల్లలతో వసతిగృహంలోనే ఉంటున్నాను. దారి తెరిచాకే వస్తాను. అమ్మ మాత్రలు నీలం డబ్బాలో ఉన్నాయి." తర్వాత అతని పేరు చదివి, అతనికి కూడా ఒక కబురు: "దయచేసి ఇద్దరూ సర్దుకోండి."

ఇద్దరం విన్నాం. రేడియో అతని వైపు ఉంది.

సర్దుకోవాలట. ఎలా?

జనవరి 21

ఇంట్లో ముగ్గురం. అతను, నేను, కుక్క. కుక్క పేరు ఛైర్మన్. పెద్ద కడుపు, పొయ్యి దగ్గర పీట, పని ఏమీ చెయ్యడు, ఎవరు మాట్లాడినా శ్రద్ధగా విన్నట్టు మొహం పెడతాడు. పేరు పెట్టింది నేనే.

మధ్యాహ్నం దాకా ఇంట్లో ఒక్క మాట లేదు. అప్పుడు అవతలినించి, "ఛైర్మన్ గారూ, పులుసు పొయ్యి మీద ఉంది. ఎవరికైనా ఆకలేస్తే గిన్నె కంబళి కింది నించి తోస్తే పోసి పెడతా."

గొంతు నేను ఎప్పుడూ ఇంత దగ్గర నించి వినలేదు. లావు మనిషి అనుకున్నాను ఇన్నేళ్ళూ. గొంతు సన్నం.

గిన్నె తోశాను. నిండి వచ్చింది.

"ఛైర్మన్, ఉప్పు ఎక్కువైందని చెప్పు. వండినవాళ్ళకు కాదు, పొయ్యికి."

అవతల గరిట గిన్నెకు తగిలింది. తర్వాత, "ఛైర్మన్ గారూ, ఈ ఇంటి ఆడవాళ్ళకు వంట ఎవరు నేర్పారో వాళ్ళనే అడగమని పొయ్యి అంటోంది."

నేర్పింది నేనే. పులుసు తాగేశాను.

జనవరి 23

ఇంకా మంచు. అతను స్కూలు బస్సు నడుపుతాడు, బడులు మూశారు కాబట్టి బస్సు పెరట్లోనే నిలబడి ఉంది, నెత్తిన మూరెడు మంచుతో. గొర్రెలకు రెండుపూటలా గడ్డి వేసి వస్తాడు. లెక్క కుక్కకు చెప్తాడు, నేను వినాలని. అన్నీ ఉన్నాయి.

నేను గంట ఆడించినప్పుడల్లా అతను ఆ మంచులోకి పోవాలి. నేను కాఫీ మానేశాను. నీళ్ళు కూడా తగ్గించాను. అతను దగ్గుతున్నాడు. నేను బయటికి పోలేను, అతను లోపల ఉండలేడు. ఈ కంబళి నేను నేసిందే. గట్టిగా నేశాను, వెలుతురు కూడా రాదు.

ఆరేళ్ళప్పుడు నన్ను బోర్డింగ్ బడికి తీసుకుపోయారు. అక్కడ కిటికీలకు చువ్వలుండేవి. ఎనిమిది నెలలు మా అమ్మను చూడలేదు. అప్పుడు కూడా పడుకున్నచోటి నించి గోడలు లెక్కపెట్టేదాన్ని. అన్ని గదులకూ నాలుగే గోడలు, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

జనవరి 25

గుమ్మం దాటి చెయ్యి చాపితే ఏదో తగిలింది. ఉన్ని పోగు. నా ఉన్నే, పెట్టెలో ఉండల్లో ఉన్న తెల్లది, నేను వడికింది. నా గుమ్మం పక్క మేకు నించి, ముందుగది గోడ వెంట, బయటి తలుపు కుడివైపు దాటి, పెరట్లో గుంజలకు చుట్టుకుంటూ మరుగుదొడ్డి దాకా. నడుము ఎత్తులో. రెండు పేటలు వేసి బిగువుగా కట్టారు.

వచ్చి పడుకుని గంట ఆడించాను.

"ఛైర్మన్, నా ఉన్నిని పెరడంతా ఎవరు ఆరేశారో కనుక్కో."

"మంచుకి కట్టానని చెప్పవయ్యా. తెల్లగా ఉంటే దారి తెలీదు. మా బస్సుల షెడ్డు దగ్గర కూడా కడతాం."

"తెల్లమంచులో తెల్లపోగు కట్టడం ఏం తెలివి? కనపడుతుందా?"

"పట్టుకోవడానికి కదా ఛైర్మన్ గారూ. చూడ్డానికి కాదు."

నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.

జనవరి 26

అతనికి ఎలా తెలిసింది? నన్ను చూడడు కదా.

గంట. నేను తలుపుకేసి నడిచేటప్పుడు గంట ఎటు మోగిందో అతను బయట నించుని వింటూ ఉంటాడు. మొన్న రెండుసార్లు కట్టెల గది వైపు మోగి ఉంటుంది.

జనవరి 27

మంచు ఆగింది. పొగమంచు.

జనవరి 28

పొగమంచు.

జనవరి 29

పొగమంచు. అతను కుక్కతో అంటున్నాడు, ఎండ బాగా కాస్తోంది, మంచంతా కరిగి ఎర్రబురద అవుతోంది, ఈ బురదలో చక్రం ఇరుసు దాకా దిగిపోతుందని.

జనవరి 30

వాంతి అయింది. పులుసు వల్ల కాదు, పులుసు తినలేదు. కుడికంట్లో మేకు దిగినట్టు.

కుడికన్ను మూసి కిటికీలోంచి చూశాను. హోగన్ ఉంది, మసకగా. ఎడమకన్ను మూసి చూశాను. హోగన్ లేదు. కిటికీ లేదు. మళ్ళీ చూశాను. పిల్లలకు చెప్పేదాన్ని, ప్రయోగం మూడుసార్లు చేస్తేనే ఫలితం రాయాలని. మూడోసారి చెయ్యలేదు.

జనవరి 31

ఇప్పుడు రాయాలి, కుదిరినంత సేపు. ఎడమకంటితో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. గీత మీద గీత పడితే పడనీ.

నేను చెప్పకపోతే ఎడమది కూడా పోతుంది. నేత పోతుంది, చదువు పోతుంది, నా హోగన్‌కు ఒంటరిగా నన్నెవరూ పోనివ్వరు. ఈ మంచం, ఈ కంబళి, ఈ గంట, చచ్చేదాకా. చెప్తే ఇర్మా ఊరంతా తిరిగి అతని పేరు చెప్తుంది. కోటు కప్పి ప్రాణం కాపాడినవాణ్ణి అత్త కళ్ళు తిన్నవాడంటారు. అతను ఇల్లు వదిలి పోతాడు, అలాంటి మనిషే. నెల రోజులుగా నేను దీనికే నోరు మూసుకున్నానని రాసుకుంటున్నాను.

అది సగమే నిజం. రెండో సగం ఆ రిబ్బను.

ముందటేడు సంతలో బయటినించి వచ్చిన న్యాయనిర్ణేత నా తివాచీని బల్ల మీద పరిచి, పైమూల దగ్గర అంచు దాటి పోయిన సన్నపోగును గోరుతో చూపించి, "మంచి నేత, పాపం ఇక్కడ పొరపాటు జరిగింది" అన్నాడు. పొరపాటు. మా అమ్మ, మా అమ్మమ్మ, అందరూ వదిలిన పోగు. నేసేటప్పుడు మనసు పడుగులోకీ పేకలోకీ పోతుంది; నాలుగువైపులా అంచు కట్టేస్తే లోపలే ఉండిపోతుంది; అందుకని లోపలి రంగు పోగొకటి అంచు దాటించి బయటికి వదులుతాం. ఆ న్యాయనిర్ణేతకు అది చెప్పొచ్చు. చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దినదాన్ని, నా తప్పని ఒకడు అనేసరికి ఒళ్ళు మండింది. పోయినేడు కావాలని దారి మూసేశాను. సూదితో కుట్టినట్టు మూశాను. మొదటి బహుమతి వచ్చింది. తివాచీ ఎవరో కొనుక్కుని ఎక్కడికో పట్టుకుపోయారు.

అమ్మ చెప్పేది, దారి మూసిన నేతగత్తెకు ముందు కళ్ళు పోతాయి, తర్వాత బుద్ధి అని. నాకు వరస తిరగబడింది.

అదే రోజు, మధ్యాహ్నం

"ఛైర్మన్," అన్నాను, "ఇటు రా. ఒక సంగతి చెప్పాలి. నువ్వు ఎవరికి చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు."

కుక్క రాలేదు. కుర్చీ మాత్రం కంబళి దగ్గరికి జరిగింది.

"నాకు కుడికన్ను కనపడటం లేదు. ఎడమది కూడా తగ్గుతోంది."

ఆ సన్నగొంతు కంబళికి ఆనుకుని వచ్చింది.

"ఛైర్మన్ గారూ. నా వల్లే. ఆ రోజు కోటు జారింది. నేను కళ్ళు మూసుకున్నా, కానీ కాస్త ఆలస్యంగా మూసుకున్నా. చూశాను. ఒక చెవి, తెల్లజుట్టు, చెవికి నీలంరాయి. అప్పట్నించి ఎవరికీ చెప్పలేదు. వెర్నాకి కూడా."

పాపం, నెలన్నరగా ఒక చెవిని మోస్తున్నాడు.

"చెవికి నియమం లేదని చెప్పు," అన్నాను. "ఇంకోటి కూడా చెప్పు. దీపం చుట్టూ ఇంద్రధనుస్సు నాకు మొదట కనపడింది సెప్టెంబరులో. చెవి డిసెంబరుది. ముందు వచ్చినదానికి వెనక వచ్చింది కారణం కాదు, నాలుగో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నేను ఆగస్టులో తివాచీకి దారి మూశాను. చేసింది నేను. ఇర్మా ఏమన్నా అంటే ఇదే చెప్పమను. నేను కూడా చెప్తాను, నలుగురిలో."

సెప్టెంబరు మాట ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నాకు నేనే రాసుకోలేదు.

అతను ముక్కు చీదుకున్నాడు. తర్వాత బస్సు నడిపేవాడి గొంతుతో మాట్లాడాడు.

"ఛైర్మన్ గారూ, పికప్ వెర్నా దగ్గరుంది. ఉన్నది బస్సే. పగలు ఈ బురదలో పోదు. తెల్లవారుజామున బురద గడ్డకడుతుంది, ఎండ ఎక్కేలోగా తారురోడ్డు చేరాలి. ఆరున్నరకు తయారైతే చాలు. బస్సుకి వెనక కూడా తలుపుంటుంది."

"అద్దం సంగతేమిటో అడుగు. పిల్లల్ని చూసే ఆ పెద్ద అద్దం."

"దానికి మేజోడు తొడుగుతా."

"వెడల్పు అద్దం. ఒకటి చాలదు."

"రెండూ తొడుగుతా, ఛైర్మన్ గారూ. నాకు కాళ్ళు రెండున్నాయి."

ఫిబ్రవరి 4. ఆసుపత్రి

ఎడమకంటి మీది గుడ్డమూత తీశారు. రాయొచ్చన్నారు, కొంచెం.

ఆ పొద్దున పోగు పట్టుకుని నడిచాను. రాత్రే దాన్ని బస్సు వెనక తలుపు దాకా పొడిగించాడు. ఎక్కడానికి చెక్క వేసి ఉంది, మెట్ల మీద గొర్రెతోలు పరిచి ఉంది. మనిషి లేడు, బస్సుకు ముందు ఎక్కడో దగ్గు వినిపించింది. ఆఖరి సీట్లో కూర్చుని గంట ఆడించాను. బస్సు కదిలింది. ఛైర్మన్ నడవాలో అటు సగం, ఇటు సగం పడుకున్నాడు, ఎవరి పక్షమూ కాకుండా.

ముందు సీట్లో అతను, ఆఖరి సీట్లో నేను, మధ్య ముప్పై ఖాళీ సీట్లు. నేను వెనక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆరేళ్ళప్పుడు ప్రభుత్వం బండిలో కూడా ఇలాగే వెనక్కి చూస్తూ పోయాను, అమ్మ హోగన్ చిన్నదై చిన్నదై పోతుంటే. అప్పుడు రెండు కళ్ళూ బాగుండేవి, ఏడుపుతో కనపడలేదు. ఈసారి ఒక కన్ను, అదీ మసక. అయినా తూర్పు వాకిలి కనపడింది. దారి వాగు చుట్టూ తిరిగి అటువైపు పోతుంది కదా. నెలన్నర తర్వాత నా ఇంటి మొహం చూశాను.

రెండుసార్లు బస్సు జారింది. రెండుసార్లూ అతను కుక్కతో, "ఏం కాదులే," అన్నాడు.

డాక్టరు చిన్నపిల్ల, ఎక్కడో తూర్పుతీరం నించి వచ్చింది. ఇంట్లోవాళ్ళకు జాగ్రత్తలు చెప్పాలి, వచ్చినాయన్ని పిలవండి అంది. మన నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మందుల బండిని గుమ్మానికి అడ్డం తోశారు. అతను వసారాలో గోడవైపు తిరిగి నించుని విన్నాడు.

"మీకూ ఆయనకూ పడదా?" అంది డాక్టరు.

"పంతొమ్మిదేళ్ళలో ఒక్క గొడవ లేదమ్మా. మీ దేశంలో అలాంటి అత్తనీ అల్లుణ్ణీ ఒక జతను చూపించు."

గోడవైపు నించి దగ్గులాంటిది వినపడింది. దగ్గు కాదు.

తర్వాత ఆ పిల్ల కాగితం మీద గుండ్రంగా కన్ను బొమ్మ గీసింది. లోపల ఊరే నీరు బయటికి పోవాలి, మీ కంట్లో అంచు మూసుకుపోయింది, నీరు లోపలే చిక్కుకుని ఒత్తింది అంది. కుడికన్ను ఇక రాదు. ఎడమదానికి ఇంకా నాలుగు రోజులు ఆలస్యమైతే అదీ అంతే. "ఏం చేశామంటే," అని బొమ్మలో పైమూల దగ్గర పెన్సిలుతో చిన్న గీత గీసింది, లోపలి నించి అంచు దాకా. "ఇక్కడ కాంతితో సన్నటి దారి చేశాం. కంటికి కనపడనంత చిన్నది. లోపల ఉన్నది బయటికి పోవడానికి."

నర్సు పిల్ల నా మొహం చూసి చూపు తిప్పుకుంది. వాళ్ళమ్మ కూడా నేతగత్తె.

"అర్థమైందా అమ్మమ్మగారూ?" అంది డాక్టరు.

అయిందన్నాను. ఆ బొమ్మ అడిగి తీసుకున్నాను. ఈ పుటలో పెట్టాను.

ఫిబ్రవరి 9

నిన్న కూతురింటికి తిరిగొచ్చాను, ఇవాళ ఇర్మా వచ్చింది. నోరు తెరిచింది. నేను ముందు తెరిచాను. వసతిగృహం వంటవాళ్ళు, వెర్నా, పక్కింటివాళ్ళు, అందరూ ఉన్నప్పుడే చెప్పాను, దారి మూసింది నేనని, ఎందుకు మూశానో కూడా.

"నేను అడిగితే వదిలానన్నావుగా."

"అబద్ధం చెప్పాను."

ఇర్మాకు ఏం మాట్లాడాలో తోచని రోజు ఇదొక్కటే. తేదీ కింద గీత గీశాను.

మార్చి 3

కట్టు విప్పారు. నా హోగన్‌లో ఉన్నాను. కాకులు లేవు.

పోయిన కన్ను వైపు మనుషులు హఠాత్తుగా పుట్టుకొస్తున్నారు. దబ్బనంలో దారం ఎక్కించడానికి పావుగంట పట్టింది, తిట్లతో సహా. మగ్గం చిన్నది బిగించాను. సన్నగా, పొడుగ్గా, రెండు మూరల పట్టీ. బూడిదరంగు, ఎరుపు అంచు. వరసలు వంకర. న్యాయనిర్ణేతలు బాగా సంతోషిస్తారు.

మార్చి 17

అయింది. బస్సు అద్దానికి ముసుగు. ఏడాదికి ఒకసారి నన్ను కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలట. ప్రతిసారీ మేజోళ్ళు విప్పి చలిలో కూర్చుంటాడా మనిషి.

అతను గొర్రెలకు ఉప్పుగడ్డ తెచ్చాడు. బండి చప్పుడు వినగానే గంట ఆడించి, లోపలికి పోయి, తలుపు వారగా వేసి కూర్చున్నాను. నా వెంట వచ్చేసిన ఛైర్మన్ మెడకు పట్టీ చుట్టి బయటికి పంపాను. అడుగులు ఆగాయి.

"ఛైర్మన్," అన్నాను తలుపు వెనక నించి, "పైమూల దగ్గర అంచు బయటికి ఒక బూడిదరంగు పోగు ఉంటుంది. అది పొరపాటనుకుని లాగెయ్యొద్దని చెప్పు."

"చూశానని చెప్పవయ్యా," అన్నాడు ఆ సన్నగొంతువాడు. "అటువైపు తిప్పే కడతా. వెనక సీట్లోంచి కనపడుతుంది."